రెండో ధర



మీరిప్పుడు వింటున్న ఈ రేడియోకి ఈ ఏడు లైసెన్సు కట్టారా? కంగారుపడకండి, ఇప్పుడు కట్టక్కర్లేదు. ఒకప్పుడు కట్టాల్సి వచ్చేది. మా ఇంట్లో రేడియో పెట్టిన బల్ల సొరుగులో చిన్న పుస్తకం ఒకటి ఉండేది. మా నాన్నగారు ఏటా దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళి, 15 రూపాయలు కట్టి, ముద్ర వేయించుకొచ్చేవారు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్నుంచి 1980ల్లో ఆ రుసుము ఎత్తేసేదాకా, రేడియో కొన్నవాళ్ళకి ఈ పోస్టాఫీసు యాత్ర తప్పేది కాదు. "కొన్నది ఒక్కసారి, కడుతున్నది ఏటేటా" అని నాన్నగారు విసుక్కుంటూనే వెళ్ళొచ్చేవారు.

ఆయన విసుగులో ఒక లెక్క ఉంది. దుకాణంలో కట్టేది మొదటి ధర. ఇంటికి తెచ్చుకున్నాక నెలనెలా, ఏటేటా కట్టేది రెండో ధర. మొదటిదాన్ని పెద్ద అక్షరాలతో రాసి, పైన కొట్టేసిన పాత ధర కూడా చూపించి, మన కళ్ళ ముందు వేలాడదీస్తారు. రెండోదాన్ని ఎవరూ రాయరు. మనమే కాగితం, కలం తీసుకోవాలి. ముప్పావలా కోడికి మూడు రూపాయల మసాలా అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆ మసాలా సంగతి కోడిని కొనకముందే ఆలోచించుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం.

కిందటి వేసవిలో మా ముందుగది ఫ్యాను కీచుమంటూ ఆగిపోయింది. మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని గవర్నర్‌పేటలో ఒక దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు రెండు ఫ్యాన్లు చూపించాడు. మామూలుది 1,500 రూపాయలు. బీఎల్‌డీసీ అనే కొత్త రకం 2,900. "ఇది తీసుకోండి గురువుగారూ, కరెంటు సగం కూడా తినదు" అన్నాడు. మా వాడు అప్పటికే రిమోట్ చేతిలో పట్టుకుని నొక్కుతున్నాడు. నేను మాత్రం పెట్టె మీద వాట్లు ఎన్నో చూసి, ఆయన దగ్గరే ఒక చీటీ ముక్క అడిగి లెక్క మొదలుపెట్టాను.

ఆ లెక్క మీరూ వేసుకోండి, కష్టమేం కాదు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. పాత రకం ఫ్యాను 75 వాట్లు, కొత్తది 30. తేడా 45 వాట్లు. మా ముందుగది ఫ్యాను రోజుకి 15 గంటలు తిరుగుతుంది. 45ని 15తో, మళ్ళీ 30 రోజులతో గుణిస్తే నెలకి 20 యూనిట్ల చిల్లర మిగులు.

ఇక యూనిట్ ఎంత? ఇక్కడే చాలామంది పొరబడతారు. మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి, సగటున నాలుగో ఐదో అనుకుంటారు. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి ఇళ్ళకి అమలైన ధరలు మెట్లమెట్లుగా ఉంటాయి. మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూపాయి 90 పైసలు. 75 దాకా 3 రూపాయలు. 125 దాకా నాలుగున్నర. 225 దాకా 6. అక్కడినుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఆ పైన 9 రూపాయల 75 పైసలు. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. మనం పొదుపు చేసే యూనిట్ కింది మెట్టుది కాదు, ఎప్పుడూ పైమెట్టుదే. వేసవిలో మా ఇంటి బిల్లు 250 యూనిట్లు దాటుతుంది. అంటే ఆ 20 యూనిట్లు ఒక్కోటి 8 రూపాయల 75 పైసల చొప్పున 175 రూపాయలు. చల్లటి నెలల్లో 6 రూపాయల చొప్పున 120. కొత్త ఫ్యానుకి ఎక్కువ పెట్టిన 1,400 ఏడాది తిరిగేలోపే వచ్చేస్తాయి. తీసుకున్నాను.

"అయితే మామయ్యా, నాలుగు గదులకీ ఇదే కొనేద్దాం" అన్నాడు మా వాడు. చీటీ వెనక్కి తిప్పాను. చుట్టాలొస్తే పడుకునే గదిలో ఫ్యాను రోజుకి సగటున గంట కూడా తిరగదు. అక్కడ నెలకి మిగిలేది 8 రూపాయలు. ఆ 1,400 తిరిగి రావడానికి పద్నాలుగేళ్ళు దాటుతుంది. అదే ఫ్యాను, అదే ఇల్లు, ఒక గదిలో లాభం, పక్కగదిలో దండగ. కాబట్టి వస్తువు మంచిదా కాదా అని అడగకండి. మీ ఇంట్లో అది ఎన్ని గంటలు తిరుగుతుందో అడగండి.

రెండో ధరలో మరమ్మతు కూడా కలుస్తుంది. పాత ఫ్యాను తిరగనని మొరాయిస్తే సత్యనారాయణపురంలో మా వీధి చివర మెకానిక్ నిచ్చెన ఎక్కి, కండెన్సర్ మార్చి, చాయ్ తాగి వెళ్ళేవాడు. వైండింగ్ కాలిపోయినా మళ్ళీ చుట్టేవాడు. కొత్త ఫ్యాన్లో బోర్డు ఉంటుంది. అది పోతే ఆయన చేతిలో పని కాదు, కంపెనీ మనిషి రావాలి. కాబట్టి బోర్డుకి ఎన్నేళ్ళు వారంటీ ఇస్తున్నారో బిల్లు మీదే రాయించుకోండి. ఇంకో మాట. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో గోడకి ఆ పాత డబ్బా రెగ్యులేటర్లు ఉన్నాయి. ఫ్యాను మెల్లగా తిరిగితే కరెంటు ఆదా అనుకుంటాం. ఆ డబ్బా మిగిలిన కరెంటుని వేడిగా మార్చి పారేస్తుంది. చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఖరీదు తక్కువే, ముందు ఆ డబ్బాని మార్పించండి.

ఏసీ సంగతి క్లుప్తంగా చెబుతాను. బెజవాడ ఎండల్లో అది విలాసం అనే రోజులు పోయాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. పన్ను కలపని ధర 30,000 అయితే 3,000 రూపాయల తేడా. సంతోషమే. కానీ అది మొదటి ధరలో తగ్గింపు. రెండో ధర స్టార్ల లేబుల్ మీద, చిన్న అక్షరాల్లో, ఏడాదికి ఇన్ని యూనిట్లని రాసి ఉంటుంది. ఆ అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసింది. అంటే రాత్రికి 8 గంటల చొప్పున 200 రాత్రులు. మీరు ఏప్రిల్, మే రెండు నెలలే వాడతారనుకోండి, ఐదు స్టార్ల కోసం అంత ఎక్కువ పెట్టాలా అని ఒకసారి ఆలోచించుకోవచ్చు. పిల్లలు ఏడాది పొడవునా వేసేవాళ్ళయితే ఆలోచించక్కర్లేదు, ఐదే తీసుకోండి. లేబుల్ ఏ సంవత్సరానిదో కూడా చూడండి. స్టార్ల కొలత కొన్నేళ్ళకోసారి బిగిస్తుంటారు. నిన్నటి ఐదు స్టార్లు ఇవాళ ఐదు కాకపోవచ్చు. ఇక డబ్బు ఖర్చులేని చిట్కా ఒకటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ లెక్క. 18లో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు 25లో పెట్టి పైన ఫ్యాను వేసుకోండి.

ఎయిర్ కూలర్ కొనేవాళ్ళు ఊరిని బట్టి కొనాలి. నీళ్ళు ఆవిరైతేనే కూలర్ చల్లదనం ఇస్తుంది, గాలి పొడిగా ఉంటేనే నీళ్ళు ఆవిరవుతాయి. మే నెలలో పడమటి గాలి కొట్టే రోజుల్లో విజయవాడలో కూలర్ భేషుగ్గా పనిచేస్తుంది. అదే కూలర్‌ని బందరు తీసుకెళ్ళండి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక గది నిండా ఉక్క, గోడల నిండా చెమ్మ. బెజవాడలో బావుందని చుట్టాలు చెప్పారు కదా అని బందరులో కొంటే బావుండదు.

వాటర్ ఫిల్టరూ అంతే. నాగాయలంక, కోడూరు వైపు బోరు వేస్తే ఉప్పునీరు పడే ఊళ్ళున్నాయి. అక్కడ ఆర్ఓ అవసరం. కుళాయికి వచ్చే మంచినీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే ఆర్ఓ అక్కర్లేదు, అంతకన్నా చవకైన యూవీ రకం చాలు. ఆర్ఓ యంత్రం మనకిచ్చే నీళ్ళకన్నా కాలవలోకి వదిలే నీళ్ళే ఎక్కువ. పైగా ఏటా ఫిల్టర్లు మార్పించాలి. ముందు ఆ లవణాల లెక్క, అంటే టీడీఎస్, కొలిపించండి, తర్వాత కొనండి. అమ్మేవాడి మీటరుతో ఒకసారి, వేరేవాడి మీటరుతో ఇంకోసారి.

ఇక ఫోను. దీని గురించి చెప్పాలంటే మా అక్కయ్య గురించి చెప్పాలి. ఆవిడ అవనిగడ్డ దగ్గర పల్లెలో ఉంటుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమయ్యాక బెజవాడ రాకపోకలు పెరిగాయి. ఒకరోజు సంచిలో వంకాయలతోపాటు తన బటన్ల ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. "ఒరేయ్, నెల తిరక్కుండానే డబ్బులు అయిపోయాయంటున్నాడు. ఏమిటో చూడు" అంది.

చూశాను. రెండు సంగతులు తేలాయి. మొదటిది, ఆవిడ నెల అనుకుంటున్నది నెల కాదు, 28 రోజులు. ఏడాదిని 28తో భాగించి చూడండి, పదమూడు వస్తుంది. మన పంచాంగంలో పన్నెండు నెలలు, ఫోను పంచాంగంలో ప్రతి ఏడూ అధికమాసమే. ఈ ఫిర్యాదు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాకా వెళితే, 30 రోజుల పథకం ఒకటి, ప్రతినెలా ఒకే తేదీకి మళ్ళీ వేయించుకునే పథకం ఒకటి కంపెనీలు తప్పకుండా ఇవ్వాలని 2022లో ఆదేశించింది. ఉన్నాయి. అడిగితేనే చెబుతారు.

రెండోది ఇంకా విడ్డూరం. ఆవిడ పథకంలో రోజుకి ఒకటిన్నర జీబీ డేటా ఉంది. ఆ ఫోనులో వీడియో సంగతి దేవుడెరుగు, రంగుల బొమ్మ కూడా సరిగా కనపడదు. వాడని నెట్టుకి ఏళ్ళ తరబడి డబ్బు కడుతోంది. రీచార్జి కొట్టువాడు అలవాటుగా అదే వేస్తున్నాడు, ఈవిడ అలవాటుగా అదే కడుతోంది. ఇలాంటివాళ్ళ కోసమే డేటా లేకుండా మాటలు, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే పథకాలు పెట్టి తీరాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. 2025 జనవరి నుంచి అవి దొరుకుతున్నాయి. అక్కయ్యకి అది వేయించాం. మీ ఇంట్లో బటన్ల ఫోను వాడే పెద్దవాళ్ళుంటే ఈ ప్రసంగం అయ్యాక వాళ్ళ రీచార్జి ఏమిటో ఒకసారి చూడండి.

పాత ఫోను కొనేవాళ్ళకి ఒక జాగ్రత్త. స్టార్, హాష్, సున్నా ఆరు, హాష్ నొక్కితే పదిహేను అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ సంఖ్య రాసి 14422కి ఎస్ఎంఎస్ పంపండి. ఆ సంఖ్య అసలుదో కాదో, బ్లాకు చేసిన ఫోనో తెలుస్తుంది. ఫోను నెమ్మదించిందని కొత్తది కొనేముందు బీసెంట్ రోడ్డులో బ్యాటరీ మార్పిస్తే ఎంతవుతుందో అడగండి. చాలాసార్లు ముసలిదయ్యేది ఫోను కాదు, బ్యాటరీ.

యూపీఐ గురించి నా అభిప్రాయం అడిగితే, సగం మెచ్చుకుంటాను. 2016లో వచ్చింది. అంతకుముందు రెండు రూపాయల చిల్లరకి కిరాణా కొట్టులో చాక్లెట్ చేతిలో పెట్టేవారు. ఇంటినిండా చాక్లెట్లు, జేబులో చిల్లర నిల్లు. ఇప్పుడు కాళేశ్వరరావు మార్కెట్‌లో కొత్తిమీర కట్ట అమ్మే ఆవిడ పక్కన కూడా చిన్న పెట్టె కూర్చుని డబ్బు అందిందని అరుస్తోంది. రుసుమేమీ లేదు. మరి రెండో ధర ఎక్కడుంది? నోటు మడత విప్పి ఇచ్చేటప్పుడు మనసు కొంచెం గుంజేది చూశారా, ఆ గుంజుడు పోయింది. అదే రెండో ధర. నేను దానికో విరుగుడు కనిపెట్టాను. ఇంకో బ్యాంకులో ఒక ఖాతా తెరిచి, వారానికి సరిపడా డబ్బు ఆదివారం అందులో వేసుకుంటాను. ఫోనుకి ఆ ఖాతా ఒక్కటే కలిపాను. శుక్రవారానికి ఖాళీ అయితే శనివారం ఇంట్లో కందిపొడి, నెయ్యి. అసలు ఖాతా ఫోనుకి అందదు కాబట్టి మోసగాళ్ళకీ అంత తేలిగ్గా అందదు. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదని గుర్తుంచుకోండి. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. పొరపాటు జరిగితే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వడ్డీ లేని వాయిదాల గురించి ఒక్క మాట. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. వాయిదాల్లో అయితే ఎంత, మొత్తం ఇప్పుడే కడితే ఎంత తగ్గిస్తారు అని రెండు ప్రశ్నలూ ఒకేసారి అడగండి. ఆ తగ్గింపు, పైన ప్రాసెసింగ్ రుసుము, రెండూ కలిపితే వచ్చేదే వడ్డీ. అప్పు చేసి పప్పు కూడు తింటే తిన్నాం, పప్పు ఉచితమని మాత్రం అనుకోవద్దు.

కొనేముందే రెండో ధర చూసుకునే విషయంలో మన డెల్టా రైతులు నాకు గురువులు. మా బావగారి ఊళ్ళో వరికి మందు కొట్టడానికి డ్రోన్ వస్తోంది. చేతిపంపుతో కొడితే ఎకరానికి వంద లీటర్ల పైన నీళ్ళు, పూటకి పైగా బురదలో నడక. డ్రోన్‌కి పది లీటర్లు, పది నిమిషాలు. "ఒకటి కొనెయ్యకూడదా బావగారూ" అన్నాను. ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "కొంటే దాని బ్యాటరీ నాది, విరిగిన రెక్క నాది, ఎగరేసే కుర్రాడి జీతం నాది. అద్దెకి తెస్తే అవన్నీ వాడివి, పంట మాత్రం నాది" అన్నారు. కోత యంత్రం గంట లెక్కన, డ్రోన్ ఎకరం లెక్కన. పట్నంలో మనం ఏడాదికి రెండు మేకులు కొట్టడానికి డ్రిల్లింగ్ మెషిన్ కొని అటక మీద పడేస్తాం. అపార్టుమెంటుకి ఒకటి చాలదా?

రూపాయల్లో కట్టలేని రెండో ధర కూడా ఉంటుంది. ఎలక్ట్రిక్ స్కూటర్ రోజూ 30, 40 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకి నిజంగా లాభమే. కానీ 2022 ఏప్రిల్‌లో మన విజయవాడలోనే, రాత్రి పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ తెల్లవారుజామున పేలి ఆ ఇంటి మనిషి ప్రాణం పోయింది. దేశంలో ఇలాంటి ప్రమాదాలు వరుసగా జరిగాక కేంద్రం బ్యాటరీల ప్రమాణాలు బిగించి, ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలు మొదలుపెట్టింది. అయినా సరే, బ్యాటరీని మనుషులు పడుకునే గదిలో పెట్టకండి. కంపెనీ ఇచ్చిన చార్జరు తప్ప వేరేది తగిలించకండి. అపార్టుమెంటులో కింద చార్జింగ్ చోటు లేకపోతే, అది వచ్చేదాకా స్కూటర్ ఆగగలదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు మరో పాఠం నేర్చుకున్నాం. పైన డ్రోన్లు అన్నం పొట్లాలు మోశాయి. కింద ఇళ్ళలో ఫోన్లు చార్జింగ్ లేక మూగబోయాయి. నేలమీద పెట్టిన ఇన్వర్టర్లు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బురదలో తేలాయి. నీళ్ళు తీశాక, పనిచేస్తుందేమో చూద్దామని తొందరపడి స్విచ్ వేసి ఉన్నదీ కాల్చుకున్నవాళ్ళు నాకు తెలుసు. కింది అంతస్తులో ఉండేవాళ్ళు ఇన్వర్టర్‌ని గోడకి నడుమెత్తున బిగించుకోండి. ప్రతి వస్తువు బిల్లు, దాని వెనకున్న సీరియల్ నంబరు ఫొటో తీసి, ఊళ్ళో వేరేచోట ఉండే ఒకరికి పంపి ఉంచండి. వారంటీ దగ్గర పేచీ వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకోడానికీ అదే ఆధారం. సెల్స్‌తో పలికే చిన్న రేడియో ఒకటి అటక మీద ఉంచుకోండి. నా మాట మీకు వినపడుతోందంటే అది ఇప్పటికే ఉండి ఉంటుంది.

అక్కయ్య సంగతి మధ్యలో వదిలేశాను. ఆవిడకి పూర్వం ఒక అలవాటుండేది. 2003కి ముందు మనకి వచ్చే కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టిన రోజులు గుర్తున్నాయా? వచ్చే కాల్ ఉచితమయ్యాక కూడా, తను చేస్తే డబ్బు పోతుందన్న భయంతో ఇన్నేళ్ళూ నాకు మిస్డ్ కాలే ఇచ్చేది. నేనే తిరిగి చేసేవాణ్ణి. కొత్త పథకం వేయించిన రోజు మా మేనల్లుడు విడమరిచి చెప్పాడు. "పెద్దమ్మా, ఇందులో నెట్టు లేదు. మాటలకే నీ డబ్బంతా. ఎంతసేపు మాట్లాడినా ఇంకేం పడదు." ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మాట్లాడకపోతే నష్టమన్నమాట" అంది.

ఆ రోజు నుంచీ రోజూ పొద్దున్నే ముప్పావు గంట. మినుముల ధర, కాలవకి నీళ్ళెప్పుడు వదిలారు, పక్కింటి పెళ్ళి, నా మోకాళ్ళ నొప్పి, అన్నీ. నా కాఫీ చల్లారిపోతోంది. ఆవిడకి మిగిలిన డబ్బుకి రెండో ధర నేను కడుతున్నాను, ఇంకొన్నేళ్ళు కట్టగలిగితే చాలు. ఈ ప్రసంగం కూడా ఆవిడ వింటూనే ఉంటుంది. అయిపోయిన నిమిషంలో ఫోన్ చేసి, ఫ్యాను లెక్కలో చిల్లర యూనిట్లు ఎందుకు వదిలేశావని అడుగుతుంది.